మానుకోట మీదుగా తీర్థం

జనగామ నుంచి కాళేశ్వరానికి మానుకోట మీదుగా వెళ్ళిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. నాకు ముందు ఎవరూ వెళ్ళి ఉండరు, ఇకమీదట వెళ్ళరు కూడా. సర్కారు కాగితాల్లో మహబూబాబాద్ అని రాసే ఊరినే మేం మానుకోట అంటాం. జనగామ నడిబజారులో నిలబడి చూస్తే కాళేశ్వరం ఒక దిక్కు, మానుకోట ఇంకో దిక్కు. ఈ దారి కనిపెట్టిన ఘనత పూర్తిగా నాదే. వాటా ఎవరికీ ఇవ్వను.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు డిపోలు దాటడం లేదు. రైలు పట్టాల మీద జనం కూర్చున్నారు. జీపువాడు కాళేశ్వరానికి రానూపోనూ మూడు వేలు అడిగాడు. నేను వద్దని నడిచి వెళ్ళిపోతున్నట్టు నటించాను. మా వ్యాపారంలో ఇది పాత ఎత్తు. నాలుగడుగులు వేస్తే వెనక నుంచి పిలుస్తారు. జీపువాడు పిలవలేదు. తిరిగి చూస్తే వేరే గిరాకీని ఎక్కించుకుంటున్నాడు.

అప్పుడే మా పక్క దుకాణం గోనెసంచుల వ్యాపారి వ్యాను మానుకోటకు బయల్దేరుతోంది. మక్కజొన్నల కాలం కదా, అటు సంచులు కావాలి. నాకూ, వెంట వస్తానన్న తెలుగు సారుకూ కలిపి రెండు వందలు అన్నాడు డ్రైవరు. మానుకోట నుంచి కాళేశ్వరం దారిలోని భూపాలపల్లి వైపు మక్కల లారీలు బోలెడు పోతాయని ఎవరో అన్నారు. ఆ అన్నది నేనే.

నా చేతిలో పెద్దమ్మ ఉంది. కొత్త కుండలో, మూతికి తెల్లగుడ్డ కట్టి.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. పేరు అండాళమ్మ. మొగుడు తొందరగా పోయాడు, పిల్లలు లేరు. నన్ను తెచ్చుకుని కిరాణా దుకాణంలో గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టి పెంచింది. బేరం నేర్పింది ఆవిడే. ఒక్క పైసా తగ్గించేది కాదు. కానీ పొట్లం కట్టేముందు చారెడు పప్పో చిన్న బెల్లం ముక్కో పైన వేసేది. అది కొసరు. నేను గిరాకీని పిండి పంపించిన ప్రతిసారీ లోపలి నుంచి అరిచేది. "బేరం చేసినవ్ సరే. కొసరు ఏసినవా?"

మంచంలో ఉండగా ఆవిడ అడిగింది ఒక్కటే. "నన్ను కాళేశ్వరం కాడ గోదాట్లనే కలుపు బిడ్డా. ఈడ చెర్వుల కలిపినవో, వచ్చి నీ గల్లా మీద కూసుంట." పెద్దకర్మ లోపల ఆ పని అయిపోవాలి. అందాకా ఆ కుండ నేలకు తగలకూడదు, ఎవరి ఇంటి గడపా దాటకూడదు. నేను కర్తను కాబట్టి ఇంకొకరి ఇంట్లో తినకూడదు. ఇవీ షరతులు. ఇవి బేరానికి లొంగేవి కావు.

వెంట మా వాడకట్టు తెలుగు సారు వచ్చాడు. బడి సమ్మెలో ఉంది, జీతం ఆగింది. "ఏండ్ల సంది పిల్లలకు తీర్థం అనే మాటకు అర్థాలు చెప్తున్న. ఒక్క తీర్థంలో కాలు పెట్టలే. నేనూ వస్త" అన్నాడు. సారుది ఎంత అడిగితే అంత ఇచ్చే జాతి. ఆయనతో బజారుకు వెళ్ళాలంటే నాకు కడుపులో మంట.

స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర

డ్రైవరు పేరు కొమురయ్య. కుండ చూడగానే బండి దిగాడు. "అన్నా, ఒళ్ళె పెట్టుకుంటే గేరు తగుల్తది. ఆగు" అని తన తాడుతోనే వ్యాను వెనక కమ్మీకి కుండను ఉట్టిలా వేలాడదీశాడు. ముడి లాగి చూశాడు, మళ్ళీ లాగి చూశాడు. మేం ముగ్గురం ముందు ఇరుక్కుని కూర్చున్నాం.

దారిలో సారును కదిలించాను. "తీర్థమంటే పుణ్యక్షేత్రమే గదా సారూ? దానికి మళ్ళ అర్థాలేంది?"

"అది ఆఖర్న వచ్చిన అర్థం సేటూ. మొదటి అర్థం దాటే చోటు. సంస్కృతంల తౄ అంటే దాటుడు. ఏరు యాడ లోతు తక్కువుంటదో, యాడ మనుషులు, గొడ్లు అవతలి ఒడ్డుకు పోగలుగుతరో, గదే తీర్థం. ఇగ ఆ రేవు తీర్థం, ఆ రేవుల నీళ్ళు తీర్థం, గుడిల చేతుల పోసేది తీర్థం, ఒడ్డు మీది గుడీ తీర్థమే. మనల్ని దాటిస్తడు గనుక గురువు సుత తీర్థమే. ఒక్క గురువు దగ్గర చదివినోళ్ళు సతీర్థ్యులు."

"మా దుకాణంల ఒక్క డబ్బాల ఒక్క సరుకే ఉంటది" అన్నాను. "ఒకే డబ్బాల ఇన్ని పోస్తే గిరాకీ ఏది అడిగిండో ఎట్ల తెలుస్తది?"

కొమురయ్య రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా అన్నాడు. "మాకు తెల్సిన తీర్థం ఒక్కటే సారూ. పొద్దుగూకినంక సీసల దొరుకుతది."

సారు నవ్వలేదు. "అది సుత నిఘంటువుల ఎక్కిస్తరు, జర ఆగు" అన్నాడు.

ఘన్‌పూర్ పొలిమేరలో రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పెట్టి ఉన్నాయి. రాళ్ళకు అవతల మూడు పొయ్యిలు మండుతున్నాయి. వంటావార్పు. సమ్మెలో ఇదొక పద్ధతి. ఊరంతా కలిసి నడిరోడ్డు మీద వండుకుని అక్కడే తింటుంది, బండ్లు ఆగిపోతాయి. పెద్ద గంటె పట్టుకుని పప్పు కలుపుతున్న ఒక అక్క నన్ను గుర్తుపట్టింది. జనగామ బజారుకు వచ్చే మనిషి.

"ఏం సేటూ, ఊరంత రోడ్డు మీద కూసుంటే నువ్వు బండెక్కి షికారు పోతున్నవా?"

"తీర్థయాత్రక్కా" అన్నాను.

సారుకు అంతే చాలు. బండి దిగుతూనే మొదలుపెట్టాడు. "తప్పేం లేదమ్మా. కురుక్షేత్రంల అందరు కొట్లాడుతుంటే బలరాముడు తీర్థయాత్రకే పోయిండు. రెండు దిక్కులా తనోళ్ళేనాయె. ఎటూ నిలవడలేక సరస్వతి ఒడ్డు పట్టుకొని పోయిండు."

"గట్లనా? మరి ఈ సేటుకు రెండు దిక్కులా ఎవరున్నరు?"

"ఒక దిక్కు ఉద్యమం, ఇంకో దిక్కు గల్లాపెట్టె" అన్నాను. నిజమే చెప్పాను. బంద్ పిలుపు వస్తే నేను షట్టరు సగమే దించేవాణ్ణి. వంగి లోపలికి రాగలిగిన వాళ్ళకు సరుకు దొరికేది. ఆ సంగతి అక్కకు బాగా తెలుసు. చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లున నవ్వారు.

అప్పుడు ఆమె బండి వెనక వేలాడుతున్న కుండను చూసింది. గంటె పక్కన పెట్టి చేతులు కొంగుకు తుడుచుకుంది. "ఎవరు?"

"పెద్దమ్మ."

"తిన్నవా?"

"ఇంకొకరింట్ల తినద్దక్కా. కర్మ అయ్యేదాక."

"ఇది ఇల్లా అన్నా? నడిరోడ్డు. గడప యాడున్నదో జూపియ్యి, నేనే దాటనియ్య."

మోదుగాకు విస్తరి ముందు కూర్చున్నాను. అన్నం, పప్పు, పచ్చిపులుసు, నంజుకోను ఉల్లిగడ్డ. మా ఇంట్లో ఇలాంటి రోజుల్లో ఎవరెక్కడ కూర్చోవాలో ఎవరికి ముందు వడ్డించాలో చూసేసరికి అన్నం చల్లారిపోతుంది. ఇక్కడ నా కుడిపక్కన వకీలు గుమాస్తా, ఎడమపక్కన చెప్పులు కుట్టే ఆయన. పులుసు ఇద్దరి ఆకుల్లోంచీ నా ఆకులోకి పారుతోంది. యాభై రూపాయలు తీసి ఇవ్వబోతే అక్క వద్దంది. "పైసలెందుకు? రేపటి వంటకు అల్లం లేదు. జనగామల అల్లం ధర ఎంతకు ఎక్కించినవో మాకెరుకే."

తిన్నాక వాళ్ళే రాళ్ళు జరిపి బండికి దారి ఇచ్చారు. అప్పుడే నాకొక దుర్బుద్ధి పుట్టింది. ఈ కుండ పక్కన ఉంటే రోడ్లే తెరుచుకుంటున్నాయి, ధరలు దిగవా అని.

మానుకోటలో గెలుపు

మానుకోట బజారులో బండి ఆగగానే కొమురయ్యకు నూట ఎనభై చేతిలో పెట్టాను.

"రెండు నూర్లు అనుకున్నం గదన్నా?"

"అనుకున్నం. కని ఘన్‌పూర్‌ల అంతసేపు ఆగితిమి. ఆలస్యానికి ఇరువై కోత."

"ఆపింది నేనా? జనం ఆపిండ్రు. నువ్వు సుత కూసోని తింటివి గద."

"తిన్నది నీ బువ్వ కాదు గదా. చావు ఇంటి మనిషిని, జర చూడు కొమురన్నా."

కొమురయ్య నా వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపు ఖరీదు ఇరవై కంటే ఎక్కువే ఉంటుంది. "ఉంచుకో. నీ ఇరువై నీ తాన్నే ఉంచుకో" అని తలుపు ధడాలున వేసి బండి తీశాడు.

గెలిచిన మొహంతో సారు వైపు తిరిగాను. ఆయన నన్ను చూడటం లేదు. దుమ్ములో దూరమవుతున్న బండి వెనక కమ్మీని చూస్తున్నాడు.

"సేటూ, అండాళమ్మ?" అన్నాడు.

పంచె ఎగగట్టి పరుగెత్తాను. మా వీధిలో ఎవరైనా నన్ను ఆ వేషంలో చూసి ఉంటే దుకాణం అమ్ముకోవలసి వచ్చేది. బండి మలుపు తిరిగింది. గోనెల వ్యాపారికి ఫోను చేస్తే మోగుతూ పోయింది, ఎత్తలేదు. కొమురయ్య నంబరు తీసుకోవాలనే ఆలోచనే నాకు రాలేదు. ఇరవై రూపాయలు ఎలా కొట్టాలా అనేదే దారి పొడుగునా ఆలోచించాను.

సంచుల గోదాములో అడిగితే ఆ సంచులు ఊరి బయట లంబాడా తండాకు వెళ్తాయని, అక్కడ మక్కలు ఒలుస్తున్నారని చెప్పారు. ఆటో అతను రానూపోనూ మూడు వందలు అడిగాడు.

"పద" అన్నాను.

అతను ఇంజను కొట్టలేదు. అనుమానంగా చూశాడు. "బేరం చెయ్యవా?"

"చెయ్య."

"పోలీసు కేసేమన్ననా?"

"మా పెద్దమ్మ తప్పిపోయింది" అన్నాను. అతను ఇంకేమీ అడగలేదు. దారిలో కనబడిన ప్రతి ముసలమ్మ దగ్గరా ఆటో నెమ్మది చేస్తూ పోయాడు.

రైల్వే గేటు దగ్గర రాస్తారోకో. అక్కడ ఆగి ఉన్నంతసేపూ సారు దిగి, ఆగిన ప్రతి వ్యాను వెనక కమ్మీ చూసి వచ్చాడు. నా చెవుల్లో పెద్దమ్మ గొంతు ఒక్కటే వినబడుతోంది. ఇంటికి వెళ్ళి ఏం చెప్పాలి? ఇరవై రూపాయలకు అమ్మేశానని చెప్పాలా?

తండా మొదట్లో

దీపాలు పెట్టే వేళకు చేరాం. తండా మొదట్లో ఒక వేపచెట్టు. దాని కొమ్మకు అదే తాడు, అదే ముడి, అదే కుండ. కింద ఒక గోనెసంచి మీద ఒక అవ్వ కూర్చుని మక్కకంకులు ఒలుస్తోంది. మోచేతుల దాకా తెల్లగాజులు, అద్దాల రవిక. పక్కన రాతి చాటున చిన్న దీపం. ఆటో పూర్తిగా ఆగకముందే దిగిపోయాను.

"మీదేనా?" అని అడిగింది అవ్వ. ఆమె పేరు మంగ్లి అని తర్వాత తెలిసింది.

"మాదే అవ్వా."

"ఏం పేరు?"

"అండాళమ్మ."

"గింతసేపూ పేరు లేకుండనే మాట్లాడిన." తల ఎత్తి కుండతో అంది. "అండాళూ, నీ కొడుకొచ్చిండు. ఇగ పరేషాన్ గాకు."

కొమురయ్య బండి చాటు నుంచి వచ్చాడు. నా మొహం చూడలేదు. "సంచులు దించేటప్పుడు సూసిన. పాణం పోయినంత పనాయె. తిరిగి వద్దామంటే గేటు కాడ బంద్ వెట్టిండ్రు. కింద పెట్టద్దు గదా అని అవ్వనడిగి చెట్టుకు గట్టిన."

"నువ్వెందుకు కూసున్నవవ్వా?" అన్నాడు సారు.

"కుక్కలొస్తయి, పోరగాండ్లొస్తరు. అయినా మనిషిని ఒక్కదాన్నే ఎట్ల వదిలిపెడుతం? ఇద్దరం ముచ్చట వెట్టుకుంట ఇన్ని కంకులు ఒలిసినం." కుప్ప చూపించింది. పెద్ద కుప్పే.

కొమురయ్య చేతిలో ఐదు వందల నోటు, ఇరవై నోటు పెట్టాను. అతను ఇరవై తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఐదు వందలు నా చొక్కా జేబులో దోపాడు. "గిది నాది. గది నీది" అన్నాడు. ఇంతకంటే నిక్కచ్చి లెక్క నేను మా బజారులో చూడలేదు.

చీకటి పడబోతుంటే అవ్వ తినమంది. నేను గడప సంగతి చెప్పాను. ఆమె లోపలికి వాళ్ళ మాటలో ఏదో కేక వేసింది. కాసేపటికి ఇల్లంతా బయటికొచ్చింది. మంచాలు, రొట్టెల గంప, నీళ్ళ బిందె, కోడలు, మనవలు, అందరూ వేపచెట్టు కిందికి. "నువ్వు గడప దాటద్దంటే మేం దాటుతం" అంది అవ్వ. జొన్నరొట్టె, వెల్లుల్లి కారం. కోడలు మొదటి రొట్టె ముక్క తుంచి చెట్టు మొదట్లో పెట్టి 'యాడి' అంది. వాళ్ళ మాటలో తల్లి అని అర్థమట. మా ఊళ్ళో చచ్చిపోయిన మనిషి కుండను చూస్తే పిల్లల్ని లోపలికి లాక్కుంటారు. ఇక్కడ పిల్లలు దాని కింద కూర్చుని కారం ఎక్కువైందని ఏడుస్తున్నారు.

పొద్దున బయల్దేరుతుంటే మంగ్లి అవ్వ నా దగ్గరికి వచ్చింది. నేను ముందే జేబులో చెయ్యి పెట్టాను. ఆమె ఆ చేతిని చూసి నవ్వింది.

"దుకాణపోనివంట గదా. కొసరిస్తవా?"

ఆ మాట ఆమె నోట వినేసరికి జేబులోంచి చెయ్యి తీసేశాను. "ఏం కావాలవ్వా?"

"మా ఆయిన రోడ్డు పనికి పుణె దిక్కు పోయి ఆడనే పోయిండు. ఆడనే కాల్చిండ్రు. ఏదో కాల్వల కలిపిండ్రని మేస్త్రి చెప్పిండు. ఏ కాల్వనో, ఏ నీళ్ళో. నేను సూడలే. నువ్వు మీ అమ్మకు నీళ్ళిడిసినంక, కొసరు ఒక్క దోసెడు మా లచ్చు పేరు మీద ఇడువు."

ఇంతవరకూ కాళేశ్వరం చేరడం నా ఇంటి పని. అక్కడి నుంచి అది ఇంకొకరి పని కూడా అయింది.

భూపాలపల్లి చాయ్

తండా ట్రాక్టరు మమ్మల్ని నర్సంపేటలో దించింది. డీజిలుకని వంద ఇస్తే డ్రైవరు సీటు తుడుచుకోడానికి నా తువ్వాలు అడిగి తీసుకున్నాడు గానీ వంద తీసుకోలేదు. అక్కడి నుంచి జీపులో, ఒడిలో పెద్దమ్మతో, భూపాలపల్లి. ఈసారి కుండను ఎవరు అడిగినా చేతికివ్వలేదు.

బొగ్గుబాయిలో, అంటే గనిలో, పనిచేసేవాళ్ళు కూడా సమ్మెలో ఉన్నారు. రోడ్డు పక్కన డేరా వేసుకుని కూర్చున్నారు. సారు అక్కడా ఊరుకోలేదు. పాతకాలం రాజ్యాల్లో మంత్రి, సేనాపతి, కోశాధికారి వగైరా పద్దెనిమిది మంది పెద్ద అధికారుల్ని కూడా తీర్థాలనే పిలిచేవారని, రాజు ఆ రేవుల మీదుగానే ప్రజల దగ్గరికి చేరేవాడని చెప్పాడు.

"గా పద్దెనిమిదీ ఇప్పుడు మా టెంట్లనే ఉన్నయి సారూ" అన్నాడొకాయన. "ఎమ్మార్వో ఆఫీసు, ట్రెజరీ, అన్నీ ఈడనే. కావాల్నంటే మునుగు."

డేరా ఎదురుగా చాయ్ కొట్టు. నడిపేది ఒక నడివయసు ఆవిడ. నోరు తెరిస్తే గోదావరి జిల్లా మాట. మొగుడి బాయి పని కోసం ఎప్పుడో వచ్చి ఇక్కడే స్థిరపడ్డారట. చాయ్ ఐదు రూపాయలంది. పాతికేళ్ళ అలవాటు ఊరుకుంటుందా? రెండు కలిపి ఎనిమిదికి ఇమ్మన్నాను.

"తగ్గదండీ. కావాలంటే ఇంకాస్త పోస్తాను" అంది. నేను గ్లాసు చాపాను. మా పెద్దమ్మ పద్ధతి.

కుండ చూసి అడిగింది. చెప్పాను. గ్లాసు కడుగుతూ డేరా వైపు ఒకసారి చూసింది. ఆ రోజుల్లో ఆవిడలా ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళు బజారులో ఎక్కువ మాట్లాడేవారు కాదు. డేరాలోంచి నీళ్ళ గురించి, మన వాటా గురించి ఉపన్యాసం మైకులో వినబడుతోంది.

"కాళేశ్వరంలో కలిపితే మా ఊరి మీదుగానే వెళ్తారు కదండీ మీ పెద్దమ్మగారు" అంది చివరికి. "మా అమ్మ ఇప్పటికీ ఆ రేవులోనే గిన్నెలు తోముకుంటుంది. ఒక మాట చెప్పనా? ఈసారి ఫోను చేసినప్పుడు అమ్మతో చెప్తాను, దణ్ణం పెట్టుకోమని."

సారు ఆవిడకు నమస్కారం పెట్టాడు. నేను పది రూపాయలు ఇచ్చాను, పూర్తిగా.

కాటారం దాటాక

కాటారం దాకా ఒక ఆటో. అక్కడి నుంచి కాళేశ్వరానికి ఇంకో ఆటో, ఏడు వందలు. అడవి మొదలైన కాసేపటికి రోడ్డుకు అడ్డంగా చెట్టు కొట్టి పడేసి ఉంది. సమ్మె వాళ్ళ పనే. అది పడింది సరిగ్గా వాగు మీది ఇరుకు వంతెన మీద. ఆటో అతను దిగి నీళ్ళలో నాలుగు చోట్ల కర్ర దింపి చూశాడు.

"ఈడ దాటొచ్చు. మోకాలు లోతే. మీరు నడువుండ్రి, నేను బండిని చెట్టు సందులకెళ్ళి ఈడుస్త."

కుండ నెత్తిన పెట్టుకున్నాను. వానాకాలం నీళ్ళు కాళ్ళను పక్కకు లాగుతున్నాయి. సారు పంచె ఎత్తి, చెప్పులు చంకలో పెట్టి నా ముందు నడుస్తున్నాడు. నడి వాగులో హఠాత్తుగా ఆగిపోయాడు. పాము అనుకున్నాను.

"సేటూ! ఇదే!"

"ఏంది?"

"తీర్థం! దాటే చోటు! ఇన్నేండ్లు బోర్డు మీద రాసిన, కాళ్ళకు తగుల్లే!" పిల్లవాడిలా నీళ్ళను తన్నుతున్నాడు. ఒక చెప్పు చంకలోంచి జారి కొట్టుకుపోయింది. గుళ్ళోకి ఎలాగూ చెప్పులతో పోనివ్వరన్నాడు. ఆ జత ధర నాకు తెలుసు. నేను బేరం చేయకపోతే అది ఇంకా ఎక్కువయ్యేది.

అవతలి ఒడ్డెక్కి కుండ దించుకుని చేతుల్లోకి తీసుకున్నాను. తెల్లగుడ్డ తడవలేదు.

కాళేశ్వరం

గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి యముడిది, ఒకటి శివుడిది. ముందు యముడికి మొక్కి తర్వాత శివుడి దగ్గరికి రావాలి. ఒకే గద్దె మీద ఇద్దరు యజమానులు గొడవ లేకుండా కూర్చోవడం నేను మొదటిసారి చూశాను.

కింద గోదావరి, ప్రాణహిత కలుస్తున్నాయి. రెండు రంగుల నీళ్ళు కొంత దూరం పక్కపక్కనే నడిచి ఆ తర్వాత ఒకటవుతాయి. మూడోది సరస్వతి, కనబడకుండా అడుగున కలుస్తుందట. బలరాముడు ఒడ్డు పట్టుకుని నడిచింది ఆ నది వెంటే అన్నాడు సారు. రెండు సరుకులు చూపించి మూడింటికి పద్దు రాసే వ్యాపారం మా బజారులో ఒకాయన చేసేవాడు గానీ, ఇక్కడ నాకు ఎదురు చెప్పాలనిపించలేదు.

ఒడ్డున కర్మ చేయించే అయ్యవారు వెయ్యి నూట పదహారు అన్నాడు. మానుకోట తర్వాత నేను గెలిచిన మొదటి బేరం ఇదే. ఐదు వందల ఒకటికి తెచ్చాను. ఆయన సరే అన్నాక చెప్పాను. "దాని మీద ఇంకొక పేరుకు ఒక దోసెడు. కొసరు."

"కర్మల కొసరేందయ్యా?"

మంగ్లి అవ్వ సంగతి చెప్పాను. ఆయన జంధ్యం సవరించుకుంటూ విన్నాడు. "గోత్రం?"

"తెల్వదు."

"తెల్వకుంటే కాశ్యప గోత్రం అనాలె. దిక్కులేనోళ్ళందరికి ఆయనే దిక్కు. కానియ్యి."

పడవలో నడిమధ్యకు వెళ్ళాం. కుండ గుడ్డ విప్పి వంచాను. పెద్దమ్మ బూడిద నీళ్ళ మీద కొంచెంసేపు తేలింది. తర్వాత రెండు రంగులూ కలిసే గీత వెంట సాగి కనబడకుండా పోయింది. ఏడుపు ఆగలేదు. సారు నా వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు.

తర్వాత నీళ్ళు వదలాలి. ఎలా వదలాలో అయ్యవారు చెబుతుంటే, సారు పక్క నుంచి మెల్లగా చెప్పాడు. మన అరచేతిలో కూడా తీర్థాలున్నాయట. వేళ్ళ కొసలు దేవతలకు. బొటనవేలి మొదలు బ్రహ్మకు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చోటు పితృతీర్థం. పోయినవాళ్ళకు నీళ్ళు అక్కడి నుంచి జారాలి. ఆ చోటును నేను జీవితమంతా ఒక్క పనికే వాడాను. నోట్లు లెక్కపెట్టడానికి. అక్కడి చర్మం గరుకుబారి ఉంది. నువ్వులు కలిసిన నీళ్ళు దాని మీంచి ఆగకుండా జారాయి.

పెద్దమ్మ పేరిట అయిపోయాక మళ్ళీ దోసిలి ముంచాను. లచ్చు, కాశ్యప గోత్రం. దోసిలి నిండుగా ముంచాను. కొసరు కదా, తక్కువ ఉండకూడదు.

లెక్క

పెద్దకర్మకు ముందే ఇల్లు చేరాను. ఘన్‌పూర్ అక్కకు అల్లం పంపాను, దుకాణం పద్దులో కొన్న ధరకే రాసుకుని. తండాకు ఒక సీసాడు సంగమం నీళ్ళు కొమురయ్య చేత పంపాను. సీసాలో తీర్థం అంటే కొమురయ్య నమ్మలేదట, మూత తీసి వాసన చూశాడట. తీసుకెళ్ళినందుకు ఇరవై అడిగాడు. ఇచ్చాను.

ఇక ఖర్చు. అయ్యవారు, పడవ, నువ్వులు, పూలు జీపులో వెళ్ళినా తప్పేవి కావు కాబట్టి పక్కన పెడుతున్నాను. వెళ్ళేటప్పుడు వ్యానుకు రెండు వందలు, నేను కొట్టేసి తిరిగిచ్చిన ఇరవైతో కలిపి. పెద్దమ్మను వెతికిన ఆటోకు మూడు వందలు. భూపాలపల్లి జీపుకు నాలుగు వందలు, కాటారానికి నూట అరవై, అక్కడి నుంచి కాళేశ్వరానికి ఏడు వందలు. తిరుగు దారిలో లారీలు, ఆటోలు కలిపి పదహారు వందల యాభై. కొమురయ్యకు సీసా కూలి ఇరవై. మొత్తం మూడు వేల నాలుగు వందల ముప్పై. జీపువాడు అడిగింది మూడు వేలు. నా తెలివికి నష్టం నాలుగు వందల ముప్పై రూపాయలు, సారుది ఒక చెప్పు.

రోడ్డు మీద తిన్న అన్నం, చెట్టు కింద తిన్న రొట్టెలు, ట్రాక్టరు, ఒక పూట పెద్దమ్మ పక్కన మనిషి తోడు. వీటికి ఎవరూ ధర చెప్పలేదు, కాబట్టి రాయలేదు.

కొసరు ఒక దోసెడు. వేశాను పెద్దమ్మా.